నిమ్మకాయంత అంటే ఏ నిమ్మకాయ?

2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి బాల్కనీలో నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టి లోపలికొచ్చాను. రాత్రికి ఉప్మా చేశాను. మర్నాటి నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ అన్నీ మూతపడ్డాయి. 25న శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. మల్కాజిగిరిలోని మా ఫ్లాటులో అప్పటికి ఐదుగురం: మా వారు, నేను, అబ్బాయి, కోడలు, మూడో తరగతి చదివే మనవరాలు. వారం తిరక్కుండానే ఆరుగురమయ్యాం.

అప్పటికి నలభై మూడేళ్లుగా వంట చేస్తున్నాను. అందులో ముప్పై ఒక్క ఏళ్లు పొద్దున్నే వంట ముగించుకుని బడికెళ్లి పిల్లలకు తెలుగు చెప్పాను. అయినా ఇంటిల్లిపాదికీ మూడు పూటలా, ఏ పూటా ఎవరూ బయట తినకుండా, రెండు నెలలు వరసగా వండటం మాత్రం అదే మొదటిసారి. ఆ రోజులు ఎందరికో తీరని కష్టాలు తెచ్చాయి. మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయేవాళ్లను టీవీలో చూసి నోట్లో ముద్ద దిగని పూటలున్నాయి. వాటి ముందు మావి కష్టాలే కావు, వంటింటి చిక్కులు. ఇంట్లో నలుగురం కూర్చుంటే ఇప్పటికీ ఆ చిక్కులు తలుచుకుని నవ్వుకుంటాం. అప్పుడు నేర్చుకుని ఇప్పటికీ మా ఇంట్లో పాటిస్తున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు డబ్బాలు చూడాలి, తర్వాత ఏం వండాలో అనుకోవాలి

ఉగాది పచ్చడికి కొత్త చింతపండు, బెల్లం, ఉప్పు, కారం ఉన్నాయి. మామిడికాయ ఒకే ఒక్కటి ఉంది, అదీ పప్పులోకని కోడలు తెచ్చి పెట్టింది. వేపపువ్వు లేదు. ఏటా పండగ ముందురోజు మోండా మార్కెట్ నుంచి మా వారు పొట్లం కట్టించుకొచ్చేవారు. ఈసారి చేదు లేకుండానే పచ్చడి చేసుకోవాలేమో అనుకుంటుంటే మనవరాలు అంది, "నానమ్మా, కూరగాయల బండి ఆగే చోట చెట్టు వేపచెట్టే కదా!" పదకొండేళ్లుగా ఆ బండి దగ్గర వంకాయలు ఏరుకుంటున్నాను. తలెత్తి ఆ చెట్టు చూసింది లేదు.

మా వారు మూతికి కండువా చుట్టుకుని, కొమ్మ వంచడానికి గొడుగు పట్టుకుని ఆరింటికే వెళ్లారు. పోలీసు జీపు ఆగిందట. "ఎక్కడికి పెద్దాయనా?" అని గట్టిగా అడిగిన కానిస్టేబులు, విషయం విని, అటూ ఇటూ చూసి, తన ఇంటికి కూడా ఓ రెమ్మ తుంచి ఇమ్మన్నాడట. ఉన్న ఒక్క మామిడికాయను సగం పచ్చడికి, సగం పప్పుకు కోశాను. టెంకకు అంటిన కండ కూడా పప్పులోనే వేశాను. ఆ టెంక నాకంటే నాకని తాతా మనవరాలూ కొట్లాడుకున్నారు.

ఆ మధ్యాహ్నం డబ్బాలన్నీ దింపి పాత క్యాలెండరు వెనక జాబితా రాశాం. కందిపప్పు కిలోన్నర. మినప్పప్పు ఏకంగా నాలుగు కిలోలు. ఎవరూ ముట్టని రాగిపిండి రెండు ప్యాకెట్లు. అటుకులు, సగ్గుబియ్యం, సంక్రాంతి నాటి బెల్లం. అన్నిటికన్నా వెనక, మెంతులు అనుకుని రెండేళ్లుగా నేను కదపని సీసాలో ఆవాలు! ఎప్పుడూ కూర అనుకుని దానికి కావలసినవి తెప్పించుకునే అలవాటు నాది. ఆ రోజు నుంచి క్యాలెండరు చూసి వంట అనుకోవడం మొదలైంది. మినప్పప్పుతో సున్నుండలు, గారెలు, ఎండబెట్టిన వడియాలు, చివరికి మినప్పప్పు పచ్చడి కూడా అయ్యాయి. రాగిపిండి అంబలి మా వారికి ఎంత నచ్చిందంటే ఇప్పుడు దాన్ని కావాలని కొంటున్నాం.

2. తలుపు అవతల ఉన్న ఆకలి కళ్లకు కనపడదు, అడగాలి

అమీర్‌పేటలో హాస్టళ్లు ఖాళీ చేయమన్న రోజున మా చెల్లెలి కొడుకు మోటార్‌సైకిల్ మీద తెనాలికి బయలుదేరాడు. పోలీస్‌స్టేషన్‌లో రాయించుకున్న పాస్ చేతిలో ఉంది. సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వందలమందితో పాటు వాడినీ ఆపేశారు. ఎండలో పగలంతా నిలబడి, వెనక్కి తిరిగి, అర్ధరాత్రి దాటాక మా తలుపు తట్టాడు. భుజానికి ఒక సంచి, చేతిలో కరెంటు కెటిలు. "పెద్దమ్మా, లోపలికి రాను, ఇక్కడే మెట్ల మీద పడుకుంటా" అన్నాడు పిచ్చి తండ్రి.

బాల్కనీ పక్కనున్న చిన్న గది వాడికిచ్చాం. పద్నాలుగు రోజులు ఎవరమూ లోపలికి వెళ్లకూడదు. గుమ్మం ముందు స్టూలు వేసి, దాని మీద పళ్లెం పెట్టి, తలుపు తట్టి నేను ఇవతలికి వచ్చేసేదాన్ని.

వడ్డన అంటే ఎదుటి పళ్లెం చూస్తూ చేసే పని. కూర అయిపోతోందా, అన్నం మిగిలి చారు తక్కువైందా, చెయ్యి అడ్డం పెట్టింది నిజంగానా మొహమాటానికా, అంతా కళ్లతోనే తెలుస్తుంది. మూసిన తలుపు ముందు ఏం తెలుస్తుంది? "సరిపోయిందా నాన్నా?" అంటే లోపలినుంచి "సరిపోయింది పెద్దమ్మా" అనేవాడు. ఐదో రోజున పళ్లెంతో పాటు బయటికి వచ్చిన చెత్త సంచిలో తొమ్మిది బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు కనిపించాయి. ఇరవై ఆరేళ్ల కుర్రాడికి నేను మా ఇంట్లో పెద్దవాళ్లం తినే కొలతన పెడుతున్నాను!

ఆ రోజు నుంచి మనవరాలు హోటల్లోలా చీటీ తయారు చేసింది. అన్నం ఎన్ని గరిటెలు, పప్పు ఎన్ని, పెరుగు ఎన్ని, అంకె వేసి ఫోన్‌లో పంపాలి. మొదటి చీటీలో అన్నం దగ్గర 2 అని వేసి కొట్టేసి 3, అదీ కొట్టేసి 5 అని వేశాడు. ఆ 5 చూసి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

3. ఉప్పు వేసిన చెయ్యి గుర్తు పెట్టాలి

ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పి ప్రమిదలు వెలిగించమన్నారు. పొయ్యి మీద మామిడికాయ పప్పు మెదిపి తిరగమోతకు సిద్ధంగా ఉంది. నేను ఉప్పు వేసి ప్రమిదల్లో నూనె పోయడానికి బాల్కనీలోకి వెళ్లాను. అగ్గిపెట్టె కోసం వచ్చిన కోడలు, అత్తయ్య హడావుడిలో మరిచిపోయి ఉంటుందని వేసింది. అప్పటికి వారం రోజులుగా కూరలు తరగడం, పోపులు పెట్టడం నేర్చుకుంటున్న మా వారు చీకట్లో టార్చి పట్టుకుని వచ్చి, తానూ ఒక చెయ్యి వేశారు. ముగ్గురిదీ ప్రేమే.

మొదటి ముద్ద తిన్నాక ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. మనవరాలు మాత్రం, "సముద్రంలో మామిడికాయ పడింది" అంది.

ఉప్పెక్కువైన పప్పులో బంగాళాదుంప వేస్తే లాగేస్తుందని చాలామంది అంటారు. అది కాస్త పీల్చుకుంటుందేగానీ పప్పు బాగుపడదు. మా దారి వేరు. సగం పప్పు పక్కకు తీసి, ఉప్పులేని కందిపప్పు ఇంకో గ్లాసుడు ఉడికించి కలిపాం. తీసిన సగం మర్నాడు నీళ్లు పోసి, ఉల్లిపాయ, సొరకాయ ముక్కలు వేసి పప్పుచారు చేశాం. ఒక పప్పు రెండు రోజులు నాలుగు పూటలు నడిచింది. అప్పుడే కోడలు ఒక పద్ధతి పెట్టింది. ఉప్పు వేసినవాళ్లు ఆ గిన్నె మూత మీద చెంచా బోర్లించాలి. చెంచా ఉంటే ఉప్పు పడినట్టు. ఈ రోజుకీ మా ఇంట్లో మూత మీద చెంచా బోర్లించి ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఏదో ఆచారం అనుకుంటారు.

4. తోడుకు తీశాకే పెరుగు వడ్డించాలి

మా చెల్లెలి కొడుకు గది బయటికి వచ్చిన రాత్రి పన్నెండింటికి ఆకలేసి, ఫ్రిజ్‌లో ఉన్న పెరుగంతా అటుకుల్లో కలుపుకుని, గిన్నె అడుగు కూడా వేలితో తుడిచి తినేశాడు. బుద్ధిగా గిన్నె కడిగి బోర్లించాడు కూడా. పొద్దున్న పాలు కాచి చల్లార్చి చూస్తే తోడుకు చెంచాడు లేదు. ఎదురింటి పిన్నిగారిని అడుగుదామంటే, వాళ్లింట్లో ఒకరికి జ్వరమని తలుపు తీయడం లేదు. దుకాణం తెరిచే గంటలు దాటిపోయాయి.

మా అమ్మ చెప్పిన ఉపాయం గుర్తొచ్చింది. గోరువెచ్చని పాలు చిన్న గిన్నెలో పోసి, ఏడెనిమిది పచ్చిమిరపకాయలను తొడిమలు ఊడకుండా అందులో ముంచి, మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచాను. తొడిమల మీదుండే కంటికి కనపడని జీవులే పాలను తోడేస్తాయి. ఏప్రిల్ ఎండ సాయం చేసింది. పది గంటల తర్వాత పలచగా తోడుకుంది. అది తినడానికి కాదు. దాన్ని తోడుగా వేసి ఇంకో గిన్నె తోడుపెడితే, మర్నాటికి గరిటెకు అంటుకునే గడ్డపెరుగు వచ్చింది. మా వాడు దాన్ని ఆ రెండు పూటలూ కాపలా కాశాడు, గంటకోసారి మూత తీయొద్దని నేను కసురుకున్నాను.

ఇప్పుడు వడ్డనకు ముందే రెండు చెంచాల పెరుగు చిన్న స్టీలు గిన్నెలోకి తీసి వేరే అరలో పెడతాం. ఆ గిన్నె మీద వాడే కాగితం అంటించాడు: "ఇది ఆహారం కాదు."

5. తగినంత అంటే ఎంతో చెప్పడం నేర్చుకోవాలి

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. పగలంతా ఆఫీసు, మధ్యాహ్నం అక్కడే భోజనం, రాత్రికి సీసాలోంచి చింతపండు గుజ్జు, ప్యాకెట్‌లోంచి పొడి. ఆ మార్చిలో వాళ్లకూ అన్నీ మూతపడ్డాయి. మన సరుకుల దుకాణం ముందు వరసలో నిలబడి తన వంతు వచ్చేసరికి చింతపండు గుజ్జు అయిపోయిందట, గడ్డ చింతపండు మాత్రం దొరికింది. మాకు పొద్దున్న ఏడు, వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్‌లో నా మొహం, పొయ్యి మీద దాని పులుసు.

"నిమ్మకాయంత చింతపండు నానబెట్టమ్మా" అన్నాను. నానబెట్టింది. పిసికింది. పులుసు మరిగింది. నోట్లో పెట్టుకున్న అల్లుడుగారి ఒక కన్ను దానంతట అదే మూసుకుంది. నాకేమీ అర్థం కాలేదు. ఇంత పులుపెలా వచ్చింది? "ఏదీ, ఎంత వేశావో చూపించు" అంటే, పక్కనున్న నిమ్మకాయ ఎత్తి చూపించింది. బత్తాయి అంత ఉంది! అక్కడ నిమ్మకాయ పేరుతో అమ్మే ఆ పసుపుపచ్చటి కాయ మనదానికి రెండింతలు పైనే. మన నిమ్మకాయ లాంటి చిన్నదాన్ని అక్కడ లైమ్ అంటారట.

ఇదంతా వింటున్న మా చెల్లెలి కొడుకు, "పెద్దమ్మా, మన నిమ్మకాయలు మాత్రం అన్నీ ఒక్కలాగే ఉంటాయా?" అన్నాడు. లేచి కోడలు కేకుల కోసం కొనుక్కున్న చిన్న త్రాసు తెచ్చాడు. నేను పులుసుకని తీసే చింతపండు ఉండను తూచాడు. ఒకరోజు 28 గ్రాములు, ఒకరోజు 31, ఒకరోజు 30. చారుకు తీసేది 15. నేనే ఆశ్చర్యపోయాను. నా చేతికి ఇంత లెక్క ఉందని నాకు తెలియదు.

ఆ తర్వాత వారం రోజులు నన్ను వదల్లేదు. నా గుప్పెడు కందిపప్పు 45 గ్రాములు, వాడి గుప్పెడు 70. నా గరిటెడు నూనె 40 మి.లీ. పసుపు చిటికెడు అంటాను గానీ నేను వేసేది పావు చెంచా. అన్నానికి నీళ్లు బియ్యం మీద వేలి మొదటి కణుపు దాకా అంటాను, వాడి వేలికీ నా వేలికీ అర అంగుళం తేడా. అందుకే వాడు మొదటిసారి పెట్టిన అన్నం జావయింది. దాన్ని పారబోయకుండా మజ్జిగ, ఉప్పు, జీలకర్ర కలిపి తాగాం, ఆ ఎండలకు హాయిగానే ఉంది.

గ్రాముల్లోకి దిగనివీ ఉన్నాయి. "పచ్చివాసన పోయేదాకా వేయించు" అంటే పదమూడు వేల కిలోమీటర్ల అవతలి పచ్చివాసన నాకెలా తెలుస్తుంది? అప్పుడు గుర్తులు వెతికాను. ఉల్లి, అల్లం ముద్ద వేగాక అంచుల్లో నూనె తేలుతుంది, గరిటె అడ్డం పెట్టి లాగితే ముద్ద వెనక్కి జారదు. పోపుకైతే అమ్మాయిని ఫోన్ మూకుడు దగ్గర పెట్టమనేదాన్ని. కళ్లు మూసుకుని వినేదాన్ని. ఆవాలు చిటపటలు మొదలై, జోరందుకుని, మందగిస్తాయి. "ఇప్పుడు! ఇంగువ వెయ్యి, కరివేపాకు వెయ్యి, కట్టెయ్యి" అనేదాన్ని. ఆ చుయ్‌మన్న శబ్దం వినగానే మా ఇంట్లో అందరికీ ఆకలేసేది.

మా అత్తగారు కంద బచ్చలి కూరలో ఆవ పెట్టేవారు. అలాంటి కూర నేనింక ఎక్కడా తినలేదు. ఎలా చేస్తారంటే "చూసి నేర్చుకో" అనేవారు. నేను బడి నుంచి వచ్చేసరికి కూర దిగిపోయి ఉండేది. ఆవ ఎంత నూరారో, కూర ఎంత చల్లారాక కలిపారో నాకు తెలియకుండానే ఆవిడ వెళ్లిపోయారు. కలిపే వేడిని బట్టే ఆవ ఘాటు నిలుస్తుంది, చేదెక్కుతుంది. ఆవిడ దాచుకున్నదేమీ లేదు. చెప్పడం అలవాటు లేదు, అంతే. నాకూ లేదు. త్రాసు పట్టుకుని ఒక కుర్రాడు ఎదురుగా కూర్చుంటే తప్ప నేనూ చెప్పేదాన్ని కాదు.

6. పోపు ఘాటుకు, మిక్సీ మోతకు వేళలు ఉండాలి

అబ్బాయి హాల్లో, కోడలు పడగ్గదిలో, మనవరాలు డైనింగు బల్ల మీద, చెల్లెలి కొడుకు చిన్న గదిలో. నలుగురివీ నాలుగు మీటింగులు. గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించబోయి ఓ రోజు పదకొండింటికి మూకుడు పెట్టాను. రెండు నిమిషాల్లో నాలుగు గదుల్లోనూ దగ్గులు. మామూలు రోజుల్లో అయితే కిటికీ తీస్తే సరి. అవి దగ్గు వినపడితే మనుషులు వణికిన రోజులు! అబ్బాయి మీటింగులో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా మౌనమైపోయారట. పై అధికారి, "ముందు ఆరోగ్యం చూసుకో, పని తర్వాత" అని మీటింగే ఆపేశాడు. ఎదురింటి పిన్నిగారు ఫోన్ చేసి, "ఏమ్మా, అందరికీనా?" అని అడిగారు గొంతు పూడుకుపోయి. గుమ్మంలో నిలబడి, గోంగూర గిన్నె ఎత్తి దూరం నుంచే చూపించాను. ఆవిడ నవ్వు చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది. గిన్నెడు పచ్చడి గుమ్మం ముందు పెట్టించాను.

అప్పటి నుంచి ఎండుమిరప వేయించడం పొద్దున్న ఎనిమిదిలోపే. చెంచాడు నూనె, రెండు ఉప్పు కళ్లు వేసి, సన్నని సెగ మీద వేయిస్తే ఘాటు తగ్గుతుంది. మిక్సీ తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర. ఆ వేళ దాటితే రోలు. అటక మీదున్న రుబ్బురోలు దింపించాను. రోట్లో నూరిన దోసకాయ పచ్చడి రుచి మా మనవరాలు అప్పుడే మొదటిసారి చూసింది. కుక్కరు కూతలకు మాత్రం ఏ వేళా పెట్టలేకపోయాం. కోడలి టీమ్‌లో ఒకమ్మాయి మా కూతలు లెక్కపెట్టి, "ఇవాళ పప్పు కాదు, శనగలు కదా మేడం" అనేదట.

7. వండేటప్పుడే కడిగే గిన్నెలు లెక్కపెట్టుకోవాలి

మా ఇంట్లో పనిచేసే ఆవిడను రావద్దన్నాం, జీతం మానలేదు. రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల చొప్పున బియ్యం ఇచ్చారనీ, బియ్యానికి బాధ లేదనీ, పప్పు నూనెలకే చూసుకోవాలనీ ఫోన్‌లో చెప్పింది. అబ్బాయి వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆవిడ లేని మొదటి రోజు రాత్రి లెక్కపెడితే తోమాల్సినవి ఎనభై ఏడు. పది గంటలదాకా తోమాం. తర్వాత ఎవరి కంచం, గ్లాసు వాళ్లే కడగాలన్నాం, అన్నం వార్చే గిన్నెలోంచే వడ్డించాం, ఎనభై ఏడు నలభైకి దిగింది. ఆవిడ రోజూ మా ఇంట్లో ఎంత పని చేస్తుందో మా చేతులకు అప్పుడు తెలిసింది. తిరిగి వచ్చాక జీతం పెంచాం, గిన్నెల లెక్క పెంచలేదు.

8. పిల్లలు అడిగిన కొత్త వంటకు మన పాత సామాను ఇవ్వాలి

డాల్గోనా కాఫీ అని ఒకటి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఏ పిల్ల ఫోన్‌లో చూసినా అదే. మనవరాలు నా ఫిల్టర్ డికాషన్‌లో పంచదార వేసి అరగంట చిలికింది, నురగ రాలేదు. రాదు. దానికి నీళ్లలో కరిగే ఇన్‌స్టంట్ పొడి కావాలి: పొడి, పంచదార, వేడినీళ్లు సమానంగా, రెండేసి చెంచాలు. చిలికే యంత్రం మా ఇంట్లో లేదు. మజ్జిగ కవ్వం ఇచ్చాను. పొడుగాటి గ్లాసులో కవ్వం పెట్టి, తాతా మనవరాలూ వంతులేసుకుని ఇరవై నిమిషాలు తిప్పితే లేత గోధుమరంగు మీగడ తేలింది. చల్లటి పాల మీద దాన్ని వేసి, నా చేతికి గ్లాసిచ్చి, కళ్లలోకి చూస్తూ నిలబడింది. బాగుంది. కాఫీ అనను, కానీ బాగుంది.

రొట్టెకు ఈస్టు మా వీధిలో దొరకలేదు. పులిసిన ఇడ్లీ పిండి నురగ చూపించి, "ఇది మన ఈస్టు" అన్నాను. ఎందుకు పొంగుతుందో వాళ్ల బాబాయి బొమ్మలు గీసి చెప్పాడు. ఆ ఎండల్లో ఐదారు గంటలకే పిండి గిన్నె దాటి గట్టు మీదికి పొంగేది. సగానికి మించి గిన్నె నింపకూడదన్న సంగతి ఆ పిల్లకు గట్టు తుడిచాక బాగా గుర్తుండిపోయింది.

9. మందుగా మింగేది కూడా పొట్టలోకే పోతుంది

ఫిబ్రవరిలో కోడి తింటే జబ్బొస్తుందని పుకారు లేస్తే, హైదరాబాద్‌లో మంత్రులే వేదిక మీద అందరి ముందూ చికెన్ తిని చూపించారు. లాక్‌డౌన్‌లో కషాయాల వంతు. మిరియాలు, శొంఠి, వెల్లుల్లి అని ఫోన్‌లో వచ్చిన ప్రతిదీ మా వారు కాయించుకుని తాగారు. నాలుగో రోజుకు కడుపులో మంట. మిరియాల చారు వారానికి రెండుసార్లు, అన్నంతో. అంతకుమించి ఆపించాను. బదులుగా పండు. రవాణా ఆగి నల్లగొండ బత్తాయి రైతులు దిగాలుపడితే, మా అపార్ట్‌మెంటు అంతా కలిసి ఒక ఆటోడు బత్తాయిలు దింపించుకున్నాం. రెండు వారాలు ఇల్లంతా బత్తాయి వాసనే.

తొక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కూరగాయలు వారానికోసారి వచ్చే రైతుబజారు వ్యానులో కొనాల్సి వచ్చేది, ఏమొస్తే అదే. బీరపొట్టు పచ్చడి, ఆనపతొక్కు వేపుడు, పుచ్చకాయ తెల్లకండతో పప్పు. ఈ చివరిది వంకాయ కూడా తినని మా అబ్బాయి రెండోసారి వడ్డించుకుని తిన్నాడు, అదేమిటో తిన్నాకే చెప్పాను.

10. ఆవకాయ కొలత కాగితం మీద ఉండాలి

మే వచ్చింది. ఏటా బజారులోనే కాయలు ఏరి, అక్కడే కత్తిపీటల వాళ్లతో కొట్టించుకొస్తాం. ఈసారి కాయలు దొరికాయి, కొట్టేవాళ్లు లేరు. టెంకతో సహా కొట్టాలంటే మామూలు చాకుకు లొంగదు. వాచ్‌మన్ ఇంట్లో కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంటే అడిగి, కడిగి, ఆరబెట్టి, చెల్లెలి కొడుకు చేతికిచ్చాను. మొదటి కాయ గోడకు తగిలింది. పదో కాయకు చెయ్యి కుదిరింది. జీడి, టెంక లోపలి పొర తీసి తుడిచే పని మా వారిదీ మనవరాలిదీ. నీటి చుక్క తగలకూడదని నేను పదిసార్లు చెప్పినందుకు ఆ పిల్ల చెమట కూడా పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుంది.

మా అమ్మ కొలత నా నోట్లో ఉంది. వాడు రాసుకున్నాడు: ఐదు గిన్నెల ముక్కలకు ఆవపిండి గిన్నె, కారం గిన్నె, ఎండబెట్టి దంచిన ఉప్పు ముప్పాతిక గిన్నె, నువ్వులనూనె గిన్నెన్నర, మెంతులు రెండు చెంచాలు, వెల్లుల్లి గుప్పెడు. గుప్పెడు దగ్గర ఆగి నా వైపు చూశాడు. త్రాసులో వేశాను. 60 గ్రాములని రాశాడు.

ఏటా ఎవరో ఒకరు అమెరికా వెళ్తుంటే అమ్మాయికి ఒక సీసా వెళ్లేది. ఆ వేసవిలో మామూలు విమానాలు లేవు. కాగితాన్ని ఫోటో తీసి పంపాం. అక్కడి మన సరుకుల దుకాణంలో దొరికిన పచ్చి మామిడికాయలతో, ఆ కాగితం చూసుకుంటూ, అమ్మాయీ అల్లుడుగారూ ఒక శనివారం ఆవకాయ కలిపారు. మూడో రోజు తిరగకలపాలి. పొద్దున్న ఆరున్నరకు నేను స్నానం చేసి ఫోన్ ముందు కూర్చున్నాను. అక్కడ రాత్రి తొమ్మిది. మూత తీసింది. నూనె పైకి తేలి ఉంది. ముక్క తీసి నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

"అమ్మా, కాస్త ఉప్పగా ఉంది."

"ఈ రోజు అలాగే ఉండాలమ్మా. ముక్కలు పీల్చుకుంటాయి. అడుగు నుంచి బాగా కలిపి, మూత పెట్టెయ్."